ఎనిమిది బై ముప్పై

"ఎవరూ కదలొద్దు! ఆ చివరి బొమ్మను ఎవరూ ముట్టుకోవద్దు!"

వకీలు అరుపుకి నిచ్చెన మీదున్న పళ్ళ డాక్టరు చేతిలోంచి మేకుల డబ్బా జారింది. మేకులు హాలంతా తలోదిక్కుకీ పరుగులు తీశాయి. కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ ఆమె భర్త, కదలొద్దన్నారు కాబట్టి, జుట్టులో చిక్కుకున్న మేకుని కూడా తీసుకోకుండా అలాగే బిగుసుకుపోయాడు.

ఆరింటికి ప్రదర్శన. అప్పటికే నాలుగు దాటింది.

వకీలు మెట్లెక్కిన ఆయాసంతో గుమ్మంలో నిలబడ్డాడు. చంకలో పాత దుప్పటి చుట్టిన చదరపు ఫ్రేమొకటి. ఎత్తుకున్న పిల్ల జారిపోతుందేమో అన్నంత భద్రంగా పట్టుకున్నాడు.

"పదికి పది బొమ్మలూ, అన్నీ ఎనిమిదో నంబరు కాపీలేనని కింద బోర్డు మీద రాసుకున్నారు. నిజమేనా డాక్టరుగారూ?"

"నిజమే!" అంది డాక్టరు. ఇంత గాభరాలోనూ ఆ మాట ఆమె నోట్లో పాటలాగే పలికింది. "పదికి పదీ ఎనిమిదే!"

"అయితే ఇదేమిటి?"

దుప్పటి లాగేశాడు. లోపల గోడ మీది చివరి బొమ్మే! అవే నారింజ పట్టీలు, వాటిని అడ్డంగా కోసుకుపోయే అదే నీలం గడి, మూలన అదే పసుపు చుక్క. కింద ఎడమవైపు పెన్సిలు రాత: 8/30.

డాక్టరు నిచ్చెన దిగిందో జారిందో ఆమెకే తెలియలేదు.

ఆ బొమ్మలు గీసే ఆయన్ని, సేకరించేవాళ్ళంతా గళ్ళాయన అంటారు. ఆయన బొమ్మల్లో మనిషీ చెట్టూ ఇల్లూ ఉండవు. గళ్ళూ పట్టీలే ఉంటాయి. సన్నని జాలీ తెర గుండా ఒక్కో రంగూ విడివిడిగా కాగితం మీదికి దించుతాడు. ఒకటి ఆరాకే ఇంకొకటి. ముప్పై కాపీలు తీశాక తెర కడిగేస్తాడు. ఆ బొమ్మ ఇక మళ్ళీ పుట్టదు. ప్రతి కాపీ కింద కుడివైపు పెన్సిలుతో సంతకం చేస్తాడు, ఎడమవైపు ముప్పైలో అది ఎన్నోదో వేస్తాడు. అందుకే ఒక బొమ్మకి ఎనిమిదో కాపీ ఒక్కటే ఉంటుంది. ఒకే పంటికి రెండు చోట్ల మొలిచే వీలు లేనట్టే.

మరి ఇక్కడ రెండు మొలిచాయి.

డాక్టరు పిచ్చి ఎప్పుడో ఒక ఎనిమిదితోనే మొదలైంది. మొదట కొన్నది అనుకోకుండా ఎనిమిదో నంబరు. రెండోదీ అదే తగిలేసరికి, ఈ వరసలో పదీ కొంటాను, పదీ ఎనిమిదే కొంటాను అని పట్టు పట్టింది. ఆమె క్లినిక్ గోడలనిండా అవే. "పేషెంట్లు ఎలాగూ నోరు తెరుచుకునే కూర్చుంటారు, బొమ్మలు చూసి తెరిచారనుకుంటే నాకు తృప్తి," అనేది. తొమ్మిది దొరికాయి. పదోదాని ఎనిమిదో కాపీ మాత్రం ఎవరి దగ్గర దాక్కుందో ఆచూకీ లేదు. కాళ్ళరిగేలా తిరిగి ఆశ వదులుకున్నాక, పోయిన నెల ఆమె పుట్టినరోజున భర్త ఓ అట్ట ఫోల్డరు చేతిలో పెట్టాడు. తెరిచి 8/30 అని చూడగానే ఆమె భోజనాల బల్ల చుట్టూ గిరగిరా తిరిగింది. తిరిగి తిరిగి సోఫాలో పడి, లేచి మళ్ళీ తిరిగింది.

ఇవాళ గళ్ళాయనే స్వయంగా వస్తున్నాడు. తన పది బొమ్మల్నీ ఒక్క గోడ మీద ఆయన కూడా ఎన్నడూ చూడలేదట. ఆ గోడ ఇదే. హాలు ఆమె ఆడపడుచుది. కింద ఫ్రేముల షాపు, పైన ఈ హాలు.

"దొంగ కాపీ!" అన్నాడు వకీలు. "గళ్ళాయన రాగానే ఆయన ముందే తేలుస్తాను. ఆ తర్వాత పోలీసులు. ఆ కాపీ బిల్లు ఎవరి పేరు మీదుంది? మీ ఆయన పేరు మీదేగా?"

భర్త జుట్టులోని మేకుని అప్పుడు తీసుకున్నాడు. మందుల షాపు నడిపే మనిషి. ఏ జబ్బుకి ఏ మాత్రో చప్పున చెప్పే ఆయన ఇప్పుడు బిల్లు మాట వినపడనట్టు కింద పడ్డ మేకులు ఏరసాగాడు.

"పోయినేడు మీ జ్ఞానదంతం పీకాను. ఆ కచ్చ ఇవాళ తీర్చుకుంటున్నారా?" అంది డాక్టరు.

"ఆ రోజు నోరు తెరిపించారు. ఇవాళ మూయించలేరు!"

హాల్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో, ఫ్యానుకి ఎదురుగా కూర్చున్న అత్తగారు విసుక్కుంది. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. "అరవకుండా మాట్లాడుకోండి నాయనా. ఇదేమన్నా క్లాసా?"

"ఎవరిది దొంగదో ఇప్పుడే చూద్దాం. రెండూ కిందికి తీసుకురండి," అంది డాక్టరు. సంచిలోంచి తన పని కళ్ళద్దాలు తీసింది. పుచ్చిన పంటిలో పురుగంత చీలికనైనా పట్టించే భూతద్దాలు, వాటి మధ్య చిన్న లైటు. అవి పెట్టుకుని తలెత్తేసరికి వకీలు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అద్దాలు ఆయనకి గుర్తే.

షాపులో పెద్ద బల్ల మీద ముందు వకీలు కాపీ పడుకుంది. ఆయన తన ఫ్రేము తనే విప్పి ఇచ్చాడు. డాక్టరు వంగి, బల్ల దీపం వాల్చి చూసింది. నారింజ రంగు మీద నీలం ఎక్కిన అంచు, కాగితం మీద సిరా పొర మందం, సంతకంలో చివరి వంపు దగ్గర పెన్సిలు నొక్కు. చూసినకొద్దీ ఆమె ముఖం వాడిపోయింది.

"దీనికి ఏ జబ్బూ లేదు," అంది చివరికి. "నికార్సైనది."

"విన్నారా! అందరూ విన్నారా!" వకీలు షాపులోని ఖాళీ ఫ్రేములన్నిటినీ సాక్ష్యానికి పిలుస్తున్నట్టు చేతులు చాచాడు.

"ఇప్పుడు నాది. వదినా, స్క్రూడ్రైవరివ్వండి."

ఆడపడుచు సొరుగు లాగింది, మూసింది. ఇంకో సొరుగు లాగింది. "కనపడటం లేదే పిల్లా. అయినా ఇప్పుడు విప్పితే మళ్ళీ బిగించేదెప్పుడు? ఆయనొచ్చే వేళైంది. పై నుంచే చూసెయ్."

"మీ ఏప్రన్ జేబులో ఉన్నదేమిటి?"

"ఇదా? ఇది... వేరే స్క్రూడ్రైవరు."

"అదే ఇవ్వండి."

"ఇది ఈ ఫ్రేముకి పట్టదు."

డాక్టరు వదినకేసి చూసింది. భూతద్దాల్లోంచి ఆడపడుచు ముఖం గుమ్మడికాయంత కనపడింది. ఆ ముఖం నిండా చెమట. వెనక భర్త గోడకున్న క్యాలెండరు వైపు తిరిగి అందులో తలదూర్చినంత పనిచేస్తున్నాడు. అక్కాతమ్ముళ్ళిద్దరికీ ఏదో తెలుసు. తనకి తెలియదు.

"సరే, వద్దు," అని సంచిలోంచి పంటి గార గీకే కొక్కెం తీసింది. ఫ్రేము వెనక రేకు పిన్నుల్ని ఒక్కొక్కటిగా, పుచ్చుపళ్ళు పెకలించినట్టు టకటకా పెకలించింది.

"మత్తివ్వకుండానే?" అన్నాడు వకీలు.

"మీకిచ్చినా ఏడ్చారుగా. పక్కకి జరగండి."

కాగితం బయటికొచ్చింది. దీపం వాల్చింది. సిరా అసలుదే. సంతకం అసలుదే. ఎనిమిది కూడా అసలుదే! ఆమె గుండె ఎగిరి గంతేసింది. ఆ గంతు సగంలో ఉండగానే దీపపు వెలుగు ఎనిమిదికి కాస్త ఎడమ పక్కకి జారింది.

అక్కడ కాగితంలో ఒక సన్నని గాడి. నిలువుగా, సూదిమొనంత వెడల్పున. సీసం లేదు, నొక్కు మాత్రం మిగిలింది. గళ్ళాయన పెన్సిలు గట్టిగా నొక్కి రాస్తాడు. సీసం చెరపొచ్చు గానీ నొక్కు చెరపలేరు.

ఒకటి. ఎనిమిదికి ముందు ఒకటి. ఇది పద్దెనిమిదో కాపీ.

షాపులో ఆ గాడి కనపడేది ఆమె ఒక్కదానికే. వకీలు మామూలు కళ్ళద్దాల్లోంచి ముక్కు కాగితానికి ఆనించి చూసినా తెల్ల కాగితమే కనపడుతుంది. "రెండూ అసలువే, ఎక్కడ పొరపాటైందో గళ్ళాయననే అడుగుదాం" అనేస్తే చాలు, ఇవాళ్టికి గండం గడుస్తుంది. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట.

"ఏం డాక్టరుగారూ? పుచ్చిందా?" అన్నాడు వకీలు.

"పుచ్చింది," అంది డాక్టరు. "మీదే ఎనిమిది. నాది పద్దెనిమిది. ఎవరో ఒకటి చెరిపేశారు."

వకీలు సంబరపడాల్సినవాడు నోరు వెళ్ళబెట్టాడు. అవతలివాళ్ళు తమంతట తాము ఒప్పుకున్న కేసు ఆయన వృత్తిలో ఇదే మొదటిది కాబోలు. కానీ వెంటనే తేరుకున్నాడు. "చెరిపిందెవరు? అది మోసం! కొన్నవాడే చెరిపాడు!"

"అవును, నేనే!" అన్నాడు భర్త, క్యాలెండరులోంచి తల బయటికి తీసి. "నేనే చెరిపాను. కేసు నామీదే పెట్టండి."

"దేంతో చెరిపారు?" అంది డాక్టరు.

"దేంతోనా? బ్లేడుతో."

"బ్లేడుతో గీకితే నూగు లేస్తుంది. ఇక్కడ కాగితం బుగ్గలా నున్నగా ఉంది."

"అయితే... తడిగుడ్డతో."

"పెన్సిలు గీతని తడిగుడ్డతోనా! మీరు అబద్ధం కూడా మోతాదు తెలియకుండా వేస్తున్నారండీ."

"వాణ్ణి వదిలెయ్ పిల్లా," ఆడపడుచు రొమ్ము విరుచుకుని ముందుకొచ్చింది. "నేను చెరిపాను. ఫ్రేము కట్టేటప్పుడు మరకనుకున్నాను."

"మీరా? సంతకం దరిదాపుల్లో దుమ్ముంటే ఊపిరి బిగబట్టి కుంచెతో తోసే మనిషి మీరు! మీరు ఒకటి చెరిపారా?"

"ఆ రోజు కాస్త నలతగా ఉంది."

"అక్కా, నేనన్నాక నువ్వెందుకు మధ్యలో?"

"నువ్వు నోర్మూసుకోరా తమ్ముడూ. బ్లేడట, తడిగుడ్డట! చేతకాని ముఖం!"

"చేసిన తప్పు ఒప్పుకుంటుంటే తిడతావేం?"

"చెయ్యని తప్పు ఇంత అధ్వానంగా ఒప్పుకుంటుంటే తిట్టనా?"

వకీలు ఒకసారి ఆవిడనీ ఒకసారి ఆయననీ చూశాడు. "ఒక్క నేరానికి ఇద్దరు ముద్దాయిలు. ఇలాగైతే కంప్లైంటు ఎవరి మీద రాయను?"

ఈ ఇద్దరూ ఎవరినో కాపాడుతున్నారు. ఇద్దరూ కలిసి ఒకరి కోసం అబద్ధమాడాలంటే... డాక్టరు ఆలోచన అక్కడికి చేరేలోపే చేతులు కాగితాన్ని వెనక్కి తిప్పాయి.

వెనక, కింది మూలన, ఎర్ర బాల్‌పెన్నుతో, పొడుగాటి తోక లాగిన రైటు గుర్తు.

గళ్ళాయన బొమ్మ వెనక ఎర్ర బాల్‌పెన్ను! సేకరించేవాళ్ళెవరైనా అక్కడికక్కడే కూలబడాలి. డాక్టరుకి మాత్రం కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆ తోక ఆమెకి బాగా తెలుసు. ఇంట్లో కరెంటు బిల్లు మీద ఉంటుంది, చాకలి పద్దు మీద ఉంటుంది, ఒకసారి పెళ్ళి శుభలేఖ మీద కూడా ముహూర్తం పక్కన ఉంది.

కాగితం బల్ల మీదున్న ఓ అట్ట ఫోల్డరులో పెట్టుకుని రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరిగెత్తింది.

అత్తగారు ఫ్యాను కింద అలాగే, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంది.

"అత్తయ్యా, ఈ రైటు మీరే కొట్టారా?"

"నేను కాక ఇంకెవరు? అంత నిండుగా తోక లాగే చెయ్యి ఈ ఇంట్లో ఇంకోటుందా?"

"మరి ఎనిమిది ముందు ఉండాల్సిన ఒకటి?"

"ఉండకూడని ఒకటి అను. తొమ్మిదింటి కిందా ఎనిమిది బై ముప్పై వేశాడా? పదోదానికొచ్చేసరికి పద్దెనిమిది బై ముప్పై వేశాడు. చూసి రాసుకునే పిల్లలు చేసే తప్పే! తొమ్మిదిసార్లు సరిగ్గా చేసి పదోసారి జారాడు, పాపం తెలివైనవాడే అని దిద్దాను. రబ్బరుతో నొప్పి పుట్టకుండా తుడిచి, ఊది, వెనక రైటు కొట్టాను. నిజం చెప్పాలంటే అదీ సరైన జవాబు కాదమ్మాయ్. పైనా కిందా రెండుతో కొట్టేస్తే నాలుగు బై పదిహేను రావాలి. పదింటిలో ఒక్కదాన్నీ కుదించలేదు. పోనీలే అని చూసీ చూడనట్టు వదిలేశాను."

డాక్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగిపోతున్నాయి.

"అత్తయ్యా, అది భిన్నం కాదు. ముప్పై కాపీల్లో ఇది పద్దెనిమిదోది అని అర్థం."

"భిన్నం కాదా?"

"కాదు."

"మరి మధ్యలో గీత ఎందుకు గీశాడు?"

డాక్టరు తలవంచి ఆ గీతనే మళ్ళీ చూసింది. అత్తగారి ముఖంలో రంగు మెల్లగా దిగిపోయింది. "అంటే... సరైనదాన్ని చెరిపి తప్పు చేశానా? నేనా? ఇన్నేళ్ళ సర్వీసులో..."

వెనకే ఆయాసపడుతూ వచ్చిన భర్త గుమ్మంలోనే ఆగాడు. "పద్దెనిమిదే దొరికింది, ఎనిమిది కాదని ఇచ్చేటప్పుడే చెబుదామనుకున్నానోయ్. నువ్వు తెరవగానే ఎనిమిదుంది! నాకే మతిపోయింది. నువ్వు బల్ల చుట్టూ అలా తిరుగుతుంటే ఎలా ఆపను? ఫ్రేము కడుతూ అక్క ఆ ఎర్ర గుర్తు చూసింది. ఇంట్లో దాచినప్పుడే అమ్మ దిద్దేసిందని అప్పుడు అర్థమైంది మాకు."

"అందుకని నెలరోజులు నన్ను తిరగనిచ్చారా?"

"బాగా తిరిగావు," అన్నాడాయన బుద్ధిగా.

కింద కారు హారను మోగింది. ఆడపడుచు కేక మెట్ల మీదుగా ఎగిరొచ్చింది. "వచ్చేశాడే పిల్లా! ముందే వచ్చేశాడు!"

గళ్ళాయన పొట్టిగా, పిట్టలా ఉన్నాడు. గోళ్ళలో నీలం రంగు. గోడ చూడగానే పలకరింపులన్నీ మరిచిపోయి, మొదటి బొమ్మ నుంచి దాదాపు పరుగులాంటి నడకతో వెళ్ళాడు. "నువ్విక్కడున్నావా! నువ్వు! నువ్వు నన్ను ఎంత ఏడిపించావే, మూడుసార్లు తెర చించావు!" అంటూ ఒక్కో బొమ్మనీ పలకరించాడు. తొమ్మిదోదాని దగ్గరికి వచ్చేసరికి కళ్ళు చెమ్మగిల్లాయి. పదో చోట ఖాళీ మేకు.

"చివరిది ఏదీ?"

వకీలు గొంతు సవరించుకుని మొత్తం కథ చెప్పాడు. రెండు ఎనిమిదులు, చెరిగిన ఒకటి, ఇద్దరు ముద్దాయిలు. "మోసం సార్. నా ఎనిమిదిని అక్కడ వేలాడదీసి, ఈ కుటుంబాన్ని..."

గళ్ళాయన ఫోల్డరు తీసుకుని కాగితాన్ని కిటికీ వెలుగులో వాల్చి చూశాడు. వెనక్కి తిప్పి ఎర్ర గుర్తు చూశాడు. కనుబొమలు పైకి లేచాయి.

"డాక్టరుగారూ, నా జేబులో పెన్సిలుంది. ఆ ఒకటిని ఇప్పుడే మళ్ళీ రాయగలను. మీవి తొమ్మిది ఎనిమిదులూ ఒక పద్దెనిమిదీ అవుతాయి, కానీ పదీ నావే అవుతాయి. గోడ నిండుతుంది. కాకపోతే ధర పెంచుకోవడానికి ఎవరైనా చెరిపి ఉంటే మాత్రం రాయను. ఆ గోడ మొత్తం దించేయమంటాను. చెరిపిందెవరో, ఎందుకో నాకు తెలియాలి."

"నేను," అన్నాడు భర్త.

"నేను," అంది ఆడపడుచు.

"చూశారా?" అన్నాడు వకీలు.

గళ్ళాయన పెన్సిలు జేబులోంచి సగం తీసి ఆపాడు. "ఒక్క ఒకటిని ఇద్దరు చెరపలేరు. డాక్టరుగారూ, మీరు చెప్పండి."

తొమ్మిది బొమ్మలూ గోడ మీది నుంచి డాక్టరునే చూస్తున్నాయి. గుమ్మంలో అప్పుడే జనం కూడుతున్నారు. ఇంతమందిలో ఆ మాట అనాలా? ఆవిడ పరువేం కావాలి?

వీపులో ఎవరో వేలితో పొడిచారు. కుర్చీలోంచి లేచొచ్చిన అత్తగారు, చెవి దగ్గర గుసగుసగా, "చెప్పు," అంది.

"మీరే చెప్పొచ్చుగా అత్తయ్యా!" అంది డాక్టరు అంతే గుసగుసగా.

"తప్పులు పిల్లలు ఒప్పుకోవాలి గానీ, టీచర్లా? నాకు అలవాటు లేదు. నువ్వు చెప్పు. నీళ్ళు నమలకు. చివరి బెంచీకి వినపడాలి."

డాక్టరుకి నవ్వు ముంచుకొచ్చింది. దాన్ని అదిమిపట్టి, ఊపిరి నిండా పీల్చి, హాలు దద్దరిల్లేలా అరిచింది.

"మా అత్తగారు!"